రక్తం ఎక్కించి చేతులు దులుపుకుంటే సరా?

తలసీమియా పిల్లలనగానే అందరికీ రక్తదాన శిబిరాలే గుర్తొస్తాయి. రక్తం ప్రాణం నిలబెడుతుంది, నిజమే. కానీ ఎక్కించిన ప్రతి యూనిట్‌తోనూ 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లో చేరుతుంది. శరీరం తనంతట తాను బయటికి పంపగలిగేది రోజుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములే. మిగిలింది గుండెలో, కాలేయంలో, హార్మోన్ గ్రంథుల్లో పేరుకుని, ఆక్సీకరణ ఒత్తిడితో కణాలను దెబ్బతీస్తుంది.

దీనికి మందులు లేవా? ఉన్నాయి. డెఫెరాక్సమిన్ 1960లలోనే వచ్చింది. వారానికి అయిదారు రాత్రులు, 8 నుంచి 12 గంటలపాటు పంపుతో చర్మం కింద ఎక్కించాలి. సూది గుచ్చి ఆ రాత్రులు కాపలా కాసేదెవరు? ఎక్కువ ఇళ్లలో తల్లే. తర్వాత మింగే మందులు వచ్చాయి. వాటికీ క్రమం తప్పని రక్తపరీక్షలు కావాలి. కూలి పోగొట్టుకుని ఆస్పత్రికి తిప్పేదీ ఆమే. ఈ చాకిరీ ఏ బడ్జెట్ లెక్కలోకీ రాదు.

పైగా నింద ఆమెకే! తీవ్రమైన బీటా తలసీమియా సాధారణంగా తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే వస్తుంది. అయినా పరీక్షకు ముందు నిలబెట్టేది గర్భిణినే. భర్త రక్తం అడగడానికి మాత్రం మొహమాటం!

2016 వికలాంగుల హక్కుల చట్టం తలసీమియాను వైకల్యంగా గుర్తించింది. సర్టిఫికెట్‌తో ఇనుము కరగదు. రక్తం ఎక్కించే ప్రతి చోటా ఇనుము తీసే మందూ, ఫెర్రిటిన్ పరీక్షా ఉచితంగా, ఆగకుండా దొరకాలి. పరీక్ష మగవాడికీ చెయ్యాలి. మన సంఘాలు దీన్ని హక్కుగా అడగాలి.