సగం కథ, చక్కెర గోళీ

"వేల ఏళ్ల జానపద జ్ఞానం" అనే మాట వినగానే బాగా చదువుకున్నవాళ్లు కూడా ప్రశ్నలు మానేస్తారు. మిసల్‌టో సంగతే చూడండి. యూరప్‌లో ఆపిల్, పాప్లర్ కొమ్మల మీద పెరిగే బదనిక అది. మన మామిడి తోటల్లో రైతులు నరికి పారేసే బదనికకి దూరపు చుట్టం. హోమియో సీసా మీద దాని పేరు విస్కమ్ ఆల్బమ్. దాని గొప్ప చెప్పాలంటే డ్రూయిడ్లు, అంటే పాతకాలపు కెల్టుల పూజారులు, రావాల్సిందే: తెల్లబట్టలు, ఓక్ చెట్టు, బంగారు కొడవలి.

ఆ దృశ్యం రాసింది రోమన్ రచయిత ప్లినీ, క్రీ.శ. 77 ప్రాంతంలో. డ్రూయిడ్లు దాన్ని సర్వరోగనివారిణి అనేవారని చెప్పాడు. ఆ వెంటనే, జనం ఎంత అల్పమైన వాటికి ఎంత భక్తి చూపిస్తారో అని పెదవి కూడా విరిచాడు. ఆ ఆఖరి వాక్యం ఎవరూ చెప్పరు.

నార్స్ పురాణం జోలికి అసలే పోరు. అందులో బాల్డర్‌కి హాని చెయ్యమని అన్నీ ఒట్టేస్తాయి, మిసల్‌టో తప్ప. లోకి ఆ కొమ్మనే గుడ్డి హోడ్ చేతికి అందిస్తాడు. బాల్డర్ చచ్చిపోతాడు. జానపదమే ప్రమాణమైతే ఇది మందా, మారణాయుధమా?

కాన్సర్‌కి దీన్ని మందుగా ప్రచారంలోకి తెచ్చింది డ్రూయిడ్లు కాదు, 20వ శతాబ్దపు రుడాల్ఫ్ స్టైనర్. చెట్టుని పట్టుకు బతికే మొక్క, ఒంటిని పట్టుకు పెరిగే కణితి: ఈ పోలికే ఆయన తర్కం. కవిత్వంలో దీన్ని ఉపమ అంటాం. ఉపమతో కణితి కరగదు. ఆయన అనుచరులు ఇంజక్షన్‌గా ఇచ్చే రసంలో కనీసం లెక్టిన్ల లాంటి పదార్థాలుంటాయి కాబట్టి పరీక్షలు జరిగాయి. ఆయుష్షు పెంచుతుందనడానికి గట్టి రుజువు దొరకలేదు.

30సి గోళీలో ఆ రసమూ లేదు. వందో వంతు చొప్పున ముప్పైసార్లు పలుచన చేస్తే 1 పక్కన 60 సున్నాలు. పన్నెండుసార్లు దాటేసరికే మొక్క అణువు ఒక్కటైనా మిగలడం అనుమానం. మిగిలేది చక్కెర, దానికి చుట్టిన డ్రూయిడ్ కథ.

"హాని లేదు కదా" అంటారు. గోళీతో లేదు, ఆలస్యంతో ఉంది. దాన్ని నమ్ముకుని ఆపరేషన్ మూడు నెలలు వాయిదా వేసుకున్న మనిషికి ఆ మూడు నెలలు ఎవరు తిరిగిస్తారు?

ఈ మాట జానపదాన్ని ప్రేమించేవాళ్లే గట్టిగా అనాలి. కథని సగానికి కోసి సీసాకి అంటిస్తే నష్టపోయేది రోగి ఒక్కడే కాదు, కథ కూడా. బాల్డర్ కథ పూర్తిగా చదవండి. గడ్డ ఏదైనా చేతికి తగిలితే ఆంకాలజిస్టు దగ్గరకి వెళ్లండి.