మా అపార్టుమెంటు మీటింగూ, పది బిందెల నీళ్ళూ

మొన్న ఆదివారం మా అపార్టుమెంటు జనరల్ బాడీ మీటింగుకి వెళ్ళొచ్చాను. మొత్తం 60 ఫ్లాట్లు, వచ్చింది 19 మంది. "ఈసారి జనం బానే వచ్చారండీ" అని సెక్రటరీ గారు తెగ సంబరపడిపోయారు. ఆయన తెప్పించిన సమోసాల్లో సగం మిగిలితే పిల్లలు పట్టుకుపోయారు.

ఇదివరకు నేను ఈ మీటింగుల మొహం కూడా చూసేవాణ్ణి కాదు. ఇప్పుడు ఒక్కటి కూడా వదలట్లేదు. మావాళ్ళంతా "నీకేమైందిరా, అప్పుడే రిటైరయ్యావా" అని ఏడిపిస్తున్నారు. ఏమైందో చెబుదామనే ఈ టపా.

మాది కూకట్‌పల్లి వైపు. కింద స్టిల్టు పార్కింగు, పైన ఐదంతస్తులు, అంతస్తుకి పన్నెండు ఫ్లాట్లు. నాన్న రిటైరయినప్పుడు వచ్చిన డబ్బులతో కొన్నారు, నేను ఉంటున్నాను. అసోసియేషన్ అంటే నాకు తెలిసిందల్లా వాట్సాప్ గ్రూపే. పొద్దున్నే శుభోదయాలు, పదింటికి "నా పార్కింగులో తెల్ల స్విఫ్ట్ ఎవరిది?", మధ్యాహ్నం లిఫ్టు ఆగిందని ఒక ఫొటో, రాత్రికి మూడో అంతస్తు కుక్క గురించి యుద్ధం. దాన్ని ఏడాది పాటు మ్యూట్‌లో పెట్టి హాయిగా బతికాను.

2024 ఏప్రిల్‌లో మాకున్న రెండు బోర్లలో ఒకటి ఎండిపోయింది. రెండోది పొద్దున ఒక అరగంట పోసి ఆగిపోయేది. ఆ ఎండాకాలం హైదరాబాదులో ఉన్నవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. 5 వేల లీటర్ల ప్రైవేటు ట్యాంకరు మాకు వెయ్యి రూపాయలకి తక్కువ రాలేదు. రోజుకి ఆరు ట్యాంకర్లు. అంటే నెలకి లక్షా ఎనభై వేలు, ఫ్లాటుకి మూడు వేలు అదనం. మామూలు మెయింటెనెన్సే 2,500. సహజంగానే అందరికీ మండింది.

ఒక ఆదివారం అత్యవసర మీటింగు పెట్టారు. నేను నిద్రపోతున్నాను. సాయంత్రం మినిట్స్ గ్రూపులో పెట్టారు, తొమ్మిది పాయింట్లు. మొదటి రెండూ చూశాను: నీళ్ళు పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు మాత్రమే వదులుతారు. సరే అనుకుని బొటనవేలు బొమ్మ ఒకటి పడేసి ఫోను పక్కన పెట్టాను.

నాలుగు రోజుల తర్వాత ఆఫీసు కాల్ అయ్యేసరికి రాత్రి ఒంటిగంట దాటింది. క్యాబ్ దిగేసరికి మా వాచ్‌మన్ భార్య, తొమ్మిది పదేళ్ళ వాళ్ళ అమ్మాయి, చెరో ప్లాస్టిక్ బిందె పట్టుకుని రోడ్డు దాటుతున్నారు. ఎదురుగా కడుతున్న బిల్డింగులో బోరు ఉంది, అక్కణ్ణుంచి తెస్తున్నారు. ఈ టైములో ఏంటమ్మా అనడిగాను.

"పగటీలి పోతే మేస్త్రి తిడ్తుండు సార్. గిప్పుడైతే ఎవ్వరుండరు."

"మరి మన సంపు దగ్గర కుళాయి ఉందిగా?"

"దానికి తాళమేసిండ్రు గద సార్. మీకు తెల్వదా?"

నాకు తెలీదు. పైకెళ్ళి మినిట్స్ తీసి చూశాను. ఏడో పాయింటు. "స్టిల్టు కుళాయి దుర్వినియోగం అవుతున్నందున తాళం వేయడమైనది. హాజరైన సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించారు." దాని కింద నా బొటనవేలు.

వాళ్ళది పాలమూరు వైపు. పంటలు లేక ఊరొదిలి ఇక్కడికి వచ్చామని ఆయన ఎప్పుడో చెప్పాడు. ఆవిడ మా బిల్డింగులోనే నాలుగు ఇళ్ళల్లో గిన్నెలు తోముతుంది. మా ఇళ్ళల్లో కుళాయి తిప్పి మా గిన్నెలు తోమి, కిందకొచ్చాక వాళ్ళ అన్నం గిన్నె తోముకోడానికి నీళ్ళు లేవన్నమాట.

ఆ రాత్రి నిద్ర పట్టక, ఇంజినీరు బుద్ధి కదా, లెక్కేశాను. నగరాల్లో నీటి సరఫరాకి ప్రభుత్వ ఇంజినీర్లు వాడే లెక్క మనిషికి రోజుకి 135 లీటర్లు. వాళ్ళు నలుగురు, 540 లీటర్లు. మేము తెప్పించుకునే ట్యాంకర్ల నీళ్ళే రోజుకి 30 వేల లీటర్లు. అందులో ఇది రెండు శాతం కూడా కాదు. అసలు వాళ్ళు పట్టుకునేది పది బిందెలు, బిందెకి 15 లీటర్లనుకుంటే 150 లీటర్లు. అర శాతం. ఫ్లాటుకి మూడు వేల ట్యాంకర్ ఖర్చులో వాళ్ళ వాటా పదిహేను రూపాయలు. పదిహేను రూపాయల కోసం ఒక చిన్నపిల్ల రాత్రి ఒంటిగంటకి బిందె మోస్తోంది.

ఇక్కడ "మా అసోసియేషన్ వాళ్ళు రాక్షసులు" అని రాసేస్తే బాగానే ఉంటుంది. కానీ అది నిజం కాదు. మా ప్రెసిడెంటు గారికి దాదాపు డెబ్భై ఏళ్ళు. ఆ నెలంతా పొద్దున్నే ఐదింటికి లుంగీ మీద గేటు దగ్గర నిలబడి ట్యాంకరు నిండుగా వచ్చిందో లేదో మూత తీసి చూసుకున్నది ఆయనే. పైసా జీతం లేదు, తిట్లు మాత్రం బోలెడు. ఆ మీటింగుకి వచ్చింది 14 మంది. ఎవరో ఆ కుళాయి దగ్గర కారు కడుగుతుంటే చూశామన్నారు, ఇంకెవరో తాళం వేసేద్దామన్నారు, అందరూ చేతులెత్తారు. తర్వాతి పాయింటుకి వెళ్ళిపోయారు. మొత్తం నాలుగు నిమిషాలు పట్టుంటుంది. "మరి వాచ్‌మన్ వాళ్ళు ఏం చేస్తారు?" అని అడిగేవాడు ఒక్కడుంటే చాలు, ఆగేది. ఆ ఒక్కడు నాలుగో అంతస్తులో పడుకుని ఉన్నాడు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఎమ్మెల్యే గురించీ, కార్పొరేటర్ గురించీ టీ తాగుతూ గంటలు గంటలు మాట్లాడతాం. మన మాటకి అక్కడ విలువ లేదని వాపోతాం. పోనీ, మన ఒక్క మాట నిజంగా చెల్లే చోటు ఒకటుంది, మెట్లు దిగితే చాలు. అక్కడికి మాత్రం వెళ్ళం. చట్టం కూడా ఈ సంగతి గుర్తించింది. 2016 రెరా చట్టంలో 19వ సెక్షన్ చూడండి, ఫ్లాటు కొన్న ప్రతివాళ్ళూ అసోసియేషన్ ఏర్పాటులో పాల్గొనాలని రాసుంది. అది కొన్నవాళ్ళ హక్కుల పక్కనే పెట్టిన బాధ్యత. హక్కుల భాగం మనకి కంఠతా వచ్చు :)

సరే, నేను మళ్ళీ మీటింగు పెట్టమని అడిగాను. "ఫ్లాటు మీ నాన్నగారి పేరు మీద ఉంది బాబూ, ఆయన సంతకంతో లెటరు తీసుకురా" అన్నారు సెక్రటరీ గారు. ఒంగోలు ఫోన్ చేస్తే నాన్న, "నీకెందుకురా ఆ గొడవలు, ఉద్యోగం చూసుకో" అన్నారు. విషయం చెప్పాక ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. మర్నాడే లెటరు కొరియర్ చేశారు.

ఆ మీటింగు సాఫీగా ఏం జరగలేదు. "ఇవాళ వాళ్ళకిస్తే రేపు వాళ్ళ చుట్టాలందరూ వస్తారు" అని ఒకాయన. "కుర్రాడివి, నీకు తెలీదు" అని ఇంకొకాయన. నేను నా పదిహేను రూపాయల లెక్క చెప్పాను. అప్పుడు 201 ఆంటీ లేచారు. ఒంటరిగా ఉంటారు, మామూలుగా నోరు విప్పరు. "నేనొక్కదాన్నే ఉంటాను, మూడు వేలు కడుతున్నాను. పై ఇంట్లో ఏడుగురు, వాళ్ళూ మూడు వేలే. నా వాటా నీళ్ళు ఆ పిల్లకివ్వండి, పోయేదేముంది?" అన్నారు. అంతే, గదంతా నిశ్శబ్దం. కుళాయి తాళం ఆ సాయంత్రమే తీశారు.

ఆంటీ లేవనెత్తిన అసలు సమస్య మాత్రం అలాగే ఉంది. ఎవరు వాడుకున్నదానికి వాళ్ళు కట్టాలంటే ఫ్లాటుకో మీటరు పెట్టాలి. మా పాత బిల్డింగులో పైట్యాంకు నుంచి ప్రతి ఫ్లాటుకీ వంటింటికి ఒకటి, బాత్రూములకి ఒక్కొక్కటి, ఇలా మూడు నాలుగు లైన్లు దిగుతాయి. అంటే ఫ్లాటుకి మూడు నాలుగు మీటర్లు, ఖర్చు తడిసి మోపెడు. ఆ తీర్మానం వీగిపోయింది. దాని బదులు పైపుతో కార్లు కడగడం ఆపారు, బకెట్టూ గుడ్డే. మంచినీళ్ళ ఫిల్టరు వదిలేసే నీళ్ళు పట్టి ఇల్లు తుడవడానికి వాడుకోమన్నారు. ఇంకుడు గుంత తవ్వించి చూస్తే లోపల బిల్డరు గారి సిమెంటు పెళ్ళలు, టైల్స్ ముక్కలూ! కాగితాల మీద మాత్రం ఇన్నేళ్ళూ మాకు ఇంకుడు గుంత ఉన్నట్టే. దాన్ని శుభ్రం చేసి కంకర పోయించాం. దానివల్లో, ఆ ఏడు వానలు బాగా పడటం వల్లో, 2025 ఎండాకాలంలో రోజుకి మూడు ట్యాంకర్లతో గడిచింది.

టైము లేదంటారా? మాకు ఏడాదికి నాలుగు మీటింగులు, ఒక్కోటి రెండు గంటలు. మొత్తం ఎనిమిది గంటలు. ఒక ఐపీఎల్ వారాంతంలో అంతకన్నా ఎక్కువ చూస్తాను నేను.

ఇక మొన్నటి మీటింగు సంగతి. మా 60 ఫ్లాట్లలో 22 అద్దెవి. మెయింటెనెన్స్ కట్టేది వాళ్ళే, లిఫ్టు ఆగితే మెట్లెక్కేదీ వాళ్ళే. మీటింగుకి మాత్రం రాకూడదు. ఓటు ఓనర్లకే ఉండనివ్వండి, కనీసం వచ్చి కూర్చుని మాట్లాడనిద్దాం అన్నాను. అలాగే వాచ్‌మన్‌కి సంబంధించిన విషయమేదైనా ఉంటే ఆయన్ని పిలిచి ఒక మాట అడిగాకే చేతులెత్తుదాం అన్నాను. ఆ ఏడో పాయింటు రోజు ఆయన అదే బిల్డింగులో, కుర్చీలు సర్దుతూ ఉన్నాడు. ఒక్కరూ అడగలేదు, ఆయనా నోరు తెరవలేదు.

ఓడిపోయాను. నాకు ఏడు, వాళ్ళకి పన్నెండు. ఇంకో ముగ్గురు మనసు మార్చుకుంటే చాలు, లేదా ఇళ్ళల్లో ఉండిపోయిన 41 ఫ్లాట్ల వాళ్ళలో ఒక ఆరుగురు దిగొచ్చినా చాలు. మూడు నెలల టైముంది, ఒక్కో తలుపూ కొడుతున్నాను.

మీ అపార్టుమెంటులో మీటింగు ఎప్పుడో కనుక్కోండి. వెళ్ళలేకపోతే మినిట్స్ అయినా పూర్తిగా చదవండి. ఏడో పాయింటు దాకా చదివాకే బొటనవేలు పెట్టండి.