కొత్త కారు మీటరులో ఎవరి కిలోమీటర్లు?

మీటరు మీద సున్నా ఉన్న కారే కావాలని షోరూములో పట్టుబట్టేవాళ్లు నెల్లూరులో ఎప్పుడూ ఒకరిద్దరు కనిపిస్తారు. అలాంటి కారు ఉండదు. ఉందని ఎవరైనా చూపిస్తే నేను ముందు అనుమానించేది దాన్నే. ఫ్యాక్టరీలో లైను దిగిన బండిని రోలర్ల మీద నడిపి బ్రేకులు చూస్తారు. నీళ్ల జల్లు కింద నిలబెట్టి ఎక్కడన్నా కారుతుందేమో చూస్తారు. అక్కణ్ణుంచి స్టాకు యార్డుకు, ట్రెయిలరు మీదికి, ట్రెయిలరు దిగి డీలరు యార్డుకు, యార్డు నుంచి సర్వీసు షెడ్డుకు, పెట్రోలు బంకుకు, చివరికి షోరూము గుమ్మంలోకి. ఇన్ని మెట్లు ఎక్కి దిగినా మామూలుగా యాభై కిలోమీటర్ల లోపే తేలాలి. పది, పదిహేను ఉంటే ఇంకా మంచిది. యాభై దాటితే ఎందుకని అడగండి. వంద దాటితే జవాబు కాగితం మీద తీసుకోండి. ఈ హద్దులు ఏ చట్టంలోనూ లేవు, నావి.

నావి అని ధైర్యంగా చెప్పడానికి కారణం నా వృత్తి. రిటైరయ్యేదాకా ఇన్సూరెన్సు కంపెనీలకు మోటారు సర్వేయరుగా తిరిగాను. తడ నుంచి కావలి దాకా హైవే మీద గుద్దుకున్న బండి, వరదలో మునిగిన బండి, చెట్టు విరిగి పడ్డ బండి, ఏదైనా సరే, తలుపు తెరవగానే నా చూపు పోయేది మీటరు మీదికే. రీడింగు రాయకుండా సర్వే రిపోర్టు పూర్తి కాదు. బండి చచ్చాక ఇంత శ్రద్ధగా రాసే ఈ అంకెను అది పుట్టిన రోజున ఎవరూ ఎక్కడా రాయరు. నా ఫిర్యాదంతా దాని మీదే.

కిందటి దసరాకు మా మేనల్లుడు కారు కొన్నాడు. విడవలూరు వైపు రొయ్యల గుంటలు చేస్తాడు, రేటు కలిసొచ్చిన ఏడాది. తొమ్మిదిన్నరకు ముహూర్తం. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, బానెట్టుకు రిబ్బను కట్టారు, అట్టతో చేసిన నిలువెత్తు తాళంచెవి చేతికిచ్చి ఫోటోలు తీస్తున్నారు. నేను తలుపు తీసి మీటరు చూశాను. 214.

"ఏందబ్బా, ఇది ఎక్కడెక్కడ తిరిగొచ్చింది?" అన్నాను సేల్స్ కుర్రాడితో.

"టెస్టింగ్ రీడింగ్ సార్. కంపెనీ నుంచే అట్టా వస్తాది."

"రెండొందలు టెస్టింగా?"

మేనల్లుడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. "మామా, ఇప్పుడొద్దు. ముహూర్తం దాటిపోతాది."

ముందు బంపరు జాలీలో ఎండిపోయిన పురుగులు ఇరుక్కుని ఉన్నాయి. మూసిన కంటెయినరులో వచ్చిన బండికి పురుగులు ఎట్టా అంటుకుంటాయి? టెంకాయ కొట్టనిచ్చి, తర్వాత మేనేజరు గదిలో కూర్చుంటే అసలు సంగతి బయటికొచ్చింది. మావాడు అడిగిన రంగు నెల్లూరు స్టాకులో లేదు. పండగ ముందు ట్రెయిలరు దొరకలేదు. చెన్నై పక్కనున్న యార్డు నుంచి డ్రైవరును పెట్టి రాత్రికి రాత్రి తోలించారు.

ఇది నెల్లూరుకు మాత్రమే ఉన్న తిప్పలని అనను గానీ, ఇక్కడ ఎక్కువ. చెన్నై మనకు దాదాపు 175 కిలోమీటర్లు. దేశంలో పెద్ద కార్ల ఫ్యాక్టరీలు కొన్ని ఆ ఊరి చుట్టే ఉన్నాయి. శ్రీపెరంబుదూరు దగ్గర హ్యుందాయ్, ఒరగడంలో రెనో నిస్సాన్. తడ పక్కనే శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు బండ్లు తయారవుతున్నాయి. పెనుకొండలో 2019 నుంచి కియా. ఢిల్లీ దగ్గర తయారైన కారును నెల్లూరుదాకా తోలుకొద్దామన్న ఆలోచన ఎవరికీ రాదు. చెన్నై నుంచయితే డ్రైవరుకు బత్తా, ట్యాంకులో డీజిలు పోస్తే సరి, సూళ్లూరుపేట, బూదనం, వెంకటాచలం టోల్‌గేట్లు దాటుకుని మూడు నాలుగు గంటల్లో షోరూము ముందు ఉంటుంది. దగ్గరితనమే ఇక్కడ ఆశ పుట్టిస్తుంది.

అందుకే ఈ జిల్లాలో మీటరు అంకెకు భూగోళం తెలిసినవాడు అర్థం చెప్పగలడు. రెండొందల చుట్టుపక్కల ఉంటే చెన్నై. నూట ముప్పయి నలభై ఉంటే తిరుపతి బ్రాంచి నుంచి నాయుడుపేట మీదుగా వచ్చిందనుకోవచ్చు. నూట ఇరవై పైన ఉంటే ఒంగోలు. మూడొందలకు దగ్గరపడితే విజయవాడ. వీటిలో దేనికీ సరిపోని అంకె, అందులోనూ సీటు కవరు నలిగి, స్టీరింగు ప్లాస్టిక్కు చిరిగి ఉంటే, ఊళ్లో పదిమందికి టెస్ట్ డ్రైవు ఇచ్చిన బండి అయ్యుండొచ్చు. నాకు భయం దాని గురించే. ఒకే డ్రైవరు హైవే మీద తోలిన రెండొందల కన్నా, కొనేవాడూ కొననివాడూ కలిసి తొక్కి, క్లచ్చు కాల్చిన ఎనభై చెడ్డది.

హైవే ప్రయాణం మాత్రం బండికి మేలు చేస్తుందా అంటే అదీ లేదు. మొదటి వెయ్యి కిలోమీటర్లు గట్టిగా లాగొద్దు, ఒకే వేగంలో ఎక్కువసేపు పోనివ్వొద్దు అని మాన్యువల్లోనే ఉంటుంది. తెల్లారేలోపు నెల్లూరు చేరాలన్న డ్రైవరు ఆ మాన్యువలు చదివి బయల్దేరడు.

లారీలవాళ్లను చూస్తే మాత్రం ఈ గోలంతా వింతగా అనిపిస్తుంది. ఎన్నూరులోని అశోక్ లేలాండ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చే ఛాసిస్‌లు ఎన్నో ఏళ్లుగా మన రోడ్డు మీదే ఉత్తరానికి పోతున్నాయి. క్యాబిన్ లేదు, అద్దం లేదు. తలకు తువ్వాలు బిగించుకుని, కళ్లు చికిలించి తోలే డ్రైవర్లు, వరసగా నాలుగైదు బండ్లు. గూడూరు దాబాల దగ్గర ఆ వరస ఆగడం ఈ తీరంలో పెరిగిన ప్రతివాడూ చూసే ఉంటాడు. కొన్న లారీ యజమాని మీటరు చూసి గొడవపడడు. బండి తన చక్రాల మీదే వస్తుందని బేరం రోజునే అతనికి తెలుసు. బాడీ కట్టించడానికి ఇంకో ఊరికి పోతుందనీ తెలుసు. ప్రతి కిలోమీటరుకూ లెక్కుంది, ఆ లెక్క ఇద్దరికీ తెలుసు. కారు కొనేవాడికి లేనిది అదే.

పది కిలోమీటర్లే ఉందని మురిసిపోయేవాళ్లకు ఇంకో మాట. ఆషాఢంలో బండి కొనరు, మౌఢ్యం వస్తే కొనరు. అప్పుడు దిగిన స్టాకు యార్డుల్లో ఎండకూ వానకూ నిలబడుతుంది. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు ఇళ్లున్నవాళ్లకు ఉప్పుగాలి ఇనుమును ఏం చేస్తుందో నేను చెప్పనక్కర్లేదు. బ్రేకు డిస్కు మీద రాత్రికి రాత్రి పట్టే పలుచని తుప్పు నాలుగుసార్లు బ్రేకు తొక్కితే పోతుంది. నెలల తరబడి కదలని బండికి పట్టే తుప్పు గుంటలు పడి నిలిచిపోతుంది. బ్యాటరీ నీరసిస్తుంది, ఒకేచోట బరువు మోసిన టైరు అక్కడ చదునవుతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. ఆరు నెలలు పడుకున్న తొమ్మిది కిలోమీటర్ల కారు, నిన్నగాక మొన్న తయారై అరవై తిరిగిన కారు పక్కపక్కన పెడితే నేను రెండోదే తీసుకుంటాను.

కాబట్టి మీటరుతో పాటు టైరు చూడండి. అంచు మీద కంపెనీ పొడుగాటి కోడు చివర నాలుగంకెలుంటాయి. 1425 అని ఉంటే 2025లో పద్నాలుగో వారం తయారైన టైరు. అది తయారై ఏడాది గడిచి ఉంటే, కారు వయసూ అడగాల్సిందే. నవంబరు, డిసెంబరుల్లో వచ్చే భారీ డిస్కౌంటుకు సగం కారణం జనవరి ఒకటో తేదీ. ఆ రోజుతో బండి కాగితాల్లో ఒక ఏడు పాతదవుతుంది.

"కంపెనీ టెస్టింగ్" అన్న సాకు మన షోరూము కుర్రాళ్లు కనిపెట్టింది కాదు. అమెరికాలో క్రైస్లర్ కంపెనీ మేనేజర్లు కొత్త కార్లను మీటరు కనెక్షను ఊడదీసి సొంత పనులకు తోలుకునేవాళ్లు. తర్వాత కనెక్షను తగిలించి, కొత్త కార్లుగా డీలర్లకు పంపేవాళ్లు. 1987లో కేసు పడింది. అరవై వేలకు పైగా కార్ల మాట అది. కంపెనీ మొదట చెప్పుకున్నది నాణ్యత పరీక్ష అనే. చివరికి ఛైర్మన్ లీ అయకోకా స్వయంగా పత్రికలవాళ్ల ముందుకొచ్చి, మీటరు ఆపి తోలడం తెలివితక్కువ పనని క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. కార్లను తోలి చూడటాన్ని జనం తప్పు పట్టలేదు. తోలిన సంగతి దాచినందుకు మండిపడ్డారు.

మన చట్టం ఈ విషయంలో చిత్రంగా ఉంటుంది. కొత్త బండి అమ్మినప్పుడు డీలరు ఇచ్చే సేల్ సర్టిఫికెట్ ఫారం 21. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, తయారైన నెల, సంవత్సరం, సిలిండర్లు ఎన్ని, సీట్లు ఎన్ని, రంగు ఏమిటి, ఖాళీ బండి బరువెంత, అన్నీ అడుగుతుంది. మీటరు రీడింగు అడగదు. అదే పాత కార్లమ్మే డీలర్లకు 2022 చివర్లో కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చి, 2023 ఏప్రిల్ నుంచి అమలు చేసింది. వాళ్లు తమ దగ్గరున్న బండి ఏ పని మీద బయటికి పోయింది, ఎవరు తోలారు, ఎంత తిరిగింది అని ఎలక్ట్రానిక్ రిజిస్టరు పెట్టాలి. పాత కారుకు ఇంత కాపలా, కొత్త కారుకు ఒక గడి కూడా లేదు. మా ఇన్సూరెన్సువాళ్లమూ తక్కువ తినలేదు. కారు విలువ కట్టేటప్పుడు చూసేది వయసే, తిరిగిన దూరం కాదు.

ఒకప్పుడు "రిజిస్ట్రేషనుకు బ్రేకు ఇన్‌స్పెక్టరు దగ్గరికి తీసుకెళ్లాం సార్" అని చెప్పి ఒక ఇరవై కిలోమీటర్లు కలిపేవాళ్లు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో ఆ సాకూ పోయింది. అధీకృత డీలరు అమ్మిన కొత్త బండిని మొదటి రిజిస్ట్రేషనుకు ఆఫీసుకు తీసుకుపోనక్కర్లేదు. కానీ అదే సవరణ కొనేవాడికి ఇంకో చిక్కు తెచ్చింది. నంబరు ప్లేటు పడందే బండి చేతికివ్వకూడదు. అంటే మీరు డెలివరీ రోజున మీటరు చూసేసరికి ఆ బండి మీ పేరున రిజిస్టరై ఉంటుంది. వద్దని వదిలేస్తే అది సెకండ్ హ్యాండు. డీలరు తీసుకోడు. మావాడి విషయంలో నాకు చేతులు కట్టేసింది ఇదే. చివరికి ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉచితంగా రాయించుకుని, బండి ఎక్కణ్ణుంచి ఎందుకు తోలుకొచ్చారో లెటరు హెడ్డు మీద తీసుకుని వచ్చేశాం. పూర్తి డబ్బు కట్టకముందు, రిజిస్ట్రేషనుకు పంపకముందు యార్డుకు పోయి చూసుంటే బేరం వేరే తీరుగా ఉండేది.

డీలర్లు ఏమంటారో నాకు తెలుసు. రీడింగు రాయడం మొదలుపెడితే పన్నెండున్న కారొద్దు, ఎనిమిదున్నదే కావాలని జనం గొడవ చేస్తారంటారు. కొన్నాళ్లు చేస్తారు. లీటరు పెట్రోలు పోయించుకునే ముందు బంకులో మీటరు సున్నా చూసుకోవడం అలవాటైన జనమే, దీనికీ అలవాటు పడతారు. నిజాయితీగా పాతిక కిలోమీటర్లలో బండి అప్పజెప్పే డీలరుకు దీనివల్ల పోయేదేమీ లేదు. పైగా బండి వివరాలన్నీ ఆన్‌లైన్లో ఎక్కించేది డీలరే. ఇంకొక్క గడి నింపడానికి అర నిమిషం. ఫారం 21 మార్చాల్సింది ఢిల్లీలోని రోడ్డు రవాణా శాఖ. అది జరిగేదాకా ఆగకుండా, డెలివరీ నోటు మీద రీడింగు రాయించండని విజయవాడలోని రవాణా కమిషనరు డీలర్లకు చెప్పినా చాలు, సగం పని అవుతుంది.

ఈ లోపు కొనేవాళ్లు చేసుకోగలిగింది ఒకటుంది. యార్డులో చూసిన రోజున మీటరుకు ఒక ఫోటో, ఛాసిస్ నంబరుతో కలిపి. డెలివరీ రోజున ఇంకొకటి. రెండు అంకెలూ డెలివరీ నోటు మీద రాసి, డీలరు సంతకం పెట్టాకే మీరు పెట్టండి. వాడిన సరుకును కొత్తదని చెప్పి అమ్మడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అక్రమ వ్యాపార పద్ధతిగానే చూస్తుంది. ముందు 1915కు ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషను ఉంది, రెండేళ్ల లోపు పోవాలి. కారు చెన్నైలో కొన్నా సరే, మీరు కాపురముండేది ఇక్కడైతే కేసు నెల్లూరులోనే వేసుకోవచ్చు.