పరాయి చేప కాపాడిన నది

చేపలు పట్టడం గురించి తెలుగువారికి ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. దేశంలో చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో లారీలెక్కి బెంగాల్, అస్సాం దాకా వెళ్తాయి. అలాంటి చోట పుట్టినవారికి కూడా ఓ పట్టాన మింగుడుపడని వేట ఒకటుంది. ఏడాదికోసారి పనులన్నీ పక్కనపెట్టి కొండలెక్కడం, మంచు కరిగి వచ్చే నీళ్లలో మోకాళ్ల లోతున గంటల తరబడి నిలబడటం, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గాలం విసిరి ఒకటో రెండో చేపలు పట్టడం, వాటిని ఫొటో తీసి మళ్లీ ఏట్లోనే వదిలేయడం. ఏ మత్స్యకారుడికి చెప్పినా నవ్విపోతాడు.

హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ లోయలో మాత్రం ఇది ఏటా నడిచే తంతే. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకూ ట్రౌట్ చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి వేట నిషిద్ధం. మార్చిలో సీజన్ తెరుచుకోగానే ఢిల్లీ, చండీగఢ్, బెంగళూరు లాంటి నగరాల నుంచి మిత్రబృందాలు కులూ దారి పడతాయి. కాలేజీ నాటి స్నేహితులు, రిటైరైన సైనికాధికారులు, కొత్తగా ఈ పిచ్చి పట్టిన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు. ఎక్కువమందికి ఏటా అదే గెస్ట్‌హౌస్, అదే గైడు, అదే ఏటి మలుపు. నిరుడు తప్పించుకున్న చేప బరువు ఈ ఏడాది కబుర్లలో అరకిలో పెరుగుతుంది. డబ్బూ తీరికా ఉన్నవాళ్ల సరదా అని తీసిపారేయడం తేలికే. కానీ ఆ లోయలో ఒక నది ఇవాళ్టికీ ఆనకట్ట లేకుండా పారుతోందంటే, దాని వెనక ఈ సరదాకూ కొంత వాటా ఉంది.

ఈ వేట పేరు ఫ్లై ఫిషింగ్. మామూలు గాలానికీ దీనికీ తేడా బరువులో ఉంది. మామూలు గాలంలో ఎర బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ ఎరకు బరువే ఉండదు. చిన్న కొక్కేనికి పుంజు మెడ ఈక, కాస్త బొచ్చు, దారం చుట్టి పురుగులా భ్రమింపజేసే బొమ్మ అది. గోదావరి జిల్లాల్లో పుంజు బరిలోకి దిగితే, ఇక్కడ దాని ఈక ఏట్లోకి దిగుతుంది. దారమే బరువుగా ఉంటుంది. దాదాపు తొమ్మిది అడుగుల బద్దను ముందుకూ వెనక్కూ ఊపుతూ ఆ దారాన్ని గాలిలో చాచి, బొమ్మ పురుగు నీటి మీద చప్పుడు లేకుండా వాలేలా విసరాలి. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి, కొట్టుకొచ్చే పురుగుల కోసం కాచుకుని ఉంటుంది. అందుకే వేటగాడు దాని వెనక నుంచి, అంటే దిగువ నుంచి ఎగువకు అడుగులేస్తాడు. నీడ పడినా, రాయి కదిలినా చేప మాయం.

చేపను మోసగించాలంటే ముందు అది ఏం తింటోందో తెలియాలి. ఏట్లో రాయి తిరగేసి అడుగున పాకే పురుగులను చూడకుండా మంచి వేటగాడు దారం విప్పడు. మేఫ్లై, స్టోన్‌ఫ్లై, కాడిస్ లాంటి ఆ పురుగులు మురికి నీటిలో బతకవు. ట్రౌట్ సంగతీ అంతే. నీరు చల్లగా ఉండాలి, వేడి 20 డిగ్రీలు దాటితే దానికి ఊపిరాడదు. గుడ్లు పెట్టేది గులకరాళ్ల మధ్య. ఎగువన రోడ్డు తవ్విన మట్టి కొట్టుకొచ్చి ఆ సందులు పూడిపోతే గుడ్లు అక్కడే చచ్చిపోతాయి. కాబట్టి ఏటా అదే మలుపుకు వచ్చే మిత్రబృందం తనకు తెలియకుండానే నదిని తనిఖీ చేస్తోంది. నీటి రంగు మారిందా, పురుగులు తగ్గాయా, లోతైన మడుగు ఇసుకతో పూడిందా అన్నది వాళ్లకు మొదటి రోజే తెలిసిపోతుంది. జీతం లేని ఇన్‌స్పెక్టర్లు.

నిజానికి ఈ చేప ఈ దేశానిది కాదు. బ్రౌన్ ట్రౌట్ ఐరోపాది, రెయిన్‌బో ట్రౌట్ పసిఫిక్ తీరానిది. సొంతూరి మీద బెంగ పెట్టుకున్న తెల్లదొరలు వాటిని ఇక్కడికి తెప్పించుకున్నారు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1863లోనే ఫ్రాన్సిస్ డే నీలగిరుల కోసం ప్రయత్నించి విఫలమయ్యారు. 20వ శతాబ్దం తొలి దశకంలో గానీ హెచ్.సి. విల్సన్ చేతుల మీదుగా అక్కడ రెయిన్‌బో ట్రౌట్ నిలదొక్కుకోలేదు. కాశ్మీర్‌కు 1899లో ఓడెక్కిన గుడ్లు దారిలోనే పాడయ్యాయి. మరుసటి ఏడాది స్కాట్లండ్ నుంచి వచ్చినవి బతికాయి. వాటిని సాకిన ఫ్రాంక్ మిచెల్ శ్రీనగర్‌లో తివాచీల ఫ్యాక్టరీ నడిపేవాడు. కాశ్మీర్ నుంచి తెచ్చిన గుడ్లతో 1909లో కులూలో హావెల్ అనే ఐసీఎస్ అధికారి బియాస్ నదిలో ట్రౌట్‌ను ప్రవేశపెట్టారు. తీర్థన్‌లో ఇవాళ గాలానికి చిక్కే చేప ఆ పరంపరే. దొరలు వెళ్లిపోయారు, చేప ఉండిపోయింది. లైసెన్సు, సీజన్, చేప సైజు, రోజుకు ఇన్నే అనే పరిమితి, గస్తీ తిరిగే సిబ్బంది అంటూ దాని చుట్టూ అల్లిన చట్టమూ ఉండిపోయింది.

2000 దశకంలో అక్కరకొచ్చింది ఆ చట్టమే. హిమాలయ నదులన్నిటి మీదా జలవిద్యుత్ ప్రాజెక్టుల కన్ను పడిన కాలమది. తీర్థన్ మీద, దాని ఉపనదుల మీద వరుసగా చిన్న ప్రాజెక్టులు ప్రతిపాదించారు. బంజార్ ప్రాంతపు మాజీ ఎమ్మెల్యే దిలే రామ్ షబాబ్ ఊరూరా జనాన్ని కూడగట్టారు, హైకోర్టు దాకా వెళ్లారు. గ్రామస్థుల వాదనలో సాగునీరు ఉంది, నీటిమిల్లులు ఉన్నాయి, దేవతల తీర్థస్థలాలు ఉన్నాయి. కానీ ఫైలులో బలంగా నిలబడిన వాదనల్లో ఒకటి ట్రౌట్. ఈ నదిని గాలపు వేటకు ప్రత్యేకించింది ప్రభుత్వమే, ఆ చేప మీద ఆధారపడి గెస్ట్‌హౌస్‌లు నడుస్తున్నాయి, దాన్ని చూసుకునే శాఖ ఉంది. దశకం మధ్యకు వచ్చేసరికి ప్రాజెక్టులు రద్దయ్యాయి, తీర్థన్‌లో జలవిద్యుత్తుకు తావులేదని తేలిపోయింది.

రాజనీతి శాస్త్రంలో ఒక మొరటు సూత్రం ఉంది. ఎవరి వెనక సంఘటితమైన మనుషులు ఉంటారో వారి మాటే రాజ్యం వింటుంది. నదికి ఓటు లేదు. తీర్థన్‌కు మాత్రం అనుకోకుండా ఒక నియోజకవర్గం ఏర్పడింది. పొలాలున్న రైతులు, గదులు అద్దెకిచ్చే ఇళ్లవాళ్లు, గైడ్లు, ఏటా తిరిగొచ్చే మిత్రబృందాలు. పక్క లోయ చూస్తే ఈ తేడా విలువ అర్థమవుతుంది. తీర్థన్, సైంజ్ రెండూ 2014లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు వైపు నుంచే దిగివస్తాయి, రెండూ లార్జీ దగ్గర బియాస్‌ను చేరతాయి. సైంజ్ లోయలో 520 మెగావాట్ల పార్వతి మూడో దశ, 100 మెగావాట్ల సైంజ్ ప్రాజెక్టు వచ్చాయి. నది చాలాదూరం సొరంగాల్లో నడుస్తుంది. నీరు తక్కువుండే కాలపు ప్రవాహంలో కనీసం 15 శాతం కిందికి వదలాలని హిమాచల్ నిబంధన. మిగతా 85 శాతం లేని ఏట్లో ఏ చేప ఎలా ఈదుతుందో నిబంధనలో రాయలేదు.

కథ ఇక్కడితో ఆగితే పరాయి చేపకు గుడి కట్టవచ్చు. కానీ ఆ ఏట్లో అంతకుముందే ఒక చేప ఉంది. ఇంగ్లిషువాళ్లు దాన్ని స్నో ట్రౌట్ అన్నారు గానీ ట్రౌట్‌తో దానికి చుట్టరికం లేదు. మన శీలావతి, బొచ్చెల కుటుంబానిదే. కుమావూ ప్రాంతంలో అసేలా, నేపాల్‌లో అసలా అంటారు. రాళ్లకు పట్టిన నాచును గీక్కుని తినే సాధుజీవి. ట్రౌట్ మాంసాహారి, చిన్న చేపల్నీ మింగుతుంది. ఐయూసీఎన్ ప్రకటించిన ప్రపంచపు నూరు అతి చెడ్డ చొరబాటు జీవుల జాబితాలో బ్రౌన్ ట్రౌట్, రెయిన్‌బో ట్రౌట్ రెండూ ఉన్నాయి. అసేలాకు ముప్పు పొంచి ఉందని అదే సంస్థ లెక్క. నీళ్లు వేడెక్కేకొద్దీ రెండు చేపలూ చల్లదనం కోసం ఎగువకే జరగాలి. ఎగువన చోటు తక్కువ, అక్కడ గెలిచేది నోరున్న చేపే.

తీర్థన్ మలుపు తిరిగితే ఇదే చిక్కు దక్షిణాదిలోనూ కనిపిస్తుంది. కావేరిలో మహసీర్ కోసం గాలిబోరె క్యాంపుకు మిత్రబృందాలు ఏళ్ల తరబడి వచ్చేవి. పట్టి వదిలేయడమే అక్కడి నియమం. పట్టిన ప్రతి చేప జాతి, బరువు క్యాంపు పుస్తకంలో రాసేవారు. అభయారణ్యంలో వేట కూడదన్న కారణంతో 2012లో ఆ వేట ఆగింది. తర్వాత శాస్త్రవేత్తలు 1998 నుంచి అప్పటి వరకూ ఉన్న ఆ పుస్తకాలను తిరగేశారు. కావేరికే సొంతమైన గూని మహసీర్ ఏటికేడు తరిగిపోతూ, బయటి నుంచి తెచ్చి వదిలిన నీలిరెక్కల మహసీర్ పెరిగిపోతోందని తేలింది. 2018లో గూని మహసీర్ తీవ్ర ప్రమాదపు జాబితాకెక్కింది. పరాయి మహసీర్‌ను నదిలో పోసిందీ మేలు చేస్తున్నామనుకున్న మనుషులే. ఆ తప్పు బయటపడింది మాత్రం సరదాకు వచ్చినవాళ్లు రాసిపెట్టిన లెక్కల వల్లే. ప్రభుత్వ శాఖల దగ్గర అలాంటి లెక్క లేకపోయింది.

హిమాలయాలకు ఇప్పుడు అలాంటి లెక్క అవసరం మరింత ఉంది. 2023 జులై వరదల్లో కులూ జిల్లా కకావికలమైంది. బియాస్ రోడ్లను తినేసింది, సైంజ్ బజారు కొట్టుకుపోయింది. ఏళ్లుగా ఎరిగిన మడుగులు రాళ్లగుట్టలయ్యాయి. వరద సహజమే, నదులు కోలుకుంటాయి. అయితే ఆ వంకతో ఏటి ఒడ్డున గోడలు కట్టడం, ఇసుక తవ్వడం, బ్లీచింగ్ పౌడర్ చల్లి, తూటాలు పేల్చి మిగిలిన చేపను ఊడ్చేయడం సహజం కాదు. వాటిని చూసి కేకేసేందుకు ఎవరో ఒకరు ఒడ్డున ఉండాలి. మనుషులు రావడం ఆగితే ఏమవుతుందో కాశ్మీర్‌కు తెలుసు. 1990 దశకపు తుపాకుల మోతతో గాలపు వేటగాళ్లు ముఖం చాటేశారు. మెల్లగా తిరిగొస్తుండగా 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి జరిగింది. ఆ ఊరిని ఒరుసుకుని పారే లిద్దరే కాశ్మీర్‌లో పేరున్న ట్రౌట్ నది.

ట్రౌట్ తినాలనుకునేవారికి ఇప్పుడు కొండలెక్కే పని కూడా లేదు. నీటిని చల్లబరిచి, శుద్ధిచేసి, మళ్లీ మళ్లీ తిప్పే పద్ధతిలో హైదరాబాద్ శివార్లలోని రంగారెడ్డి జిల్లాలోనే రెయిన్‌బో ట్రౌట్ పెంచుతున్నారు. మంచిదే. పళ్లెంలోకి చేప తొట్టి నుంచే రావాలి, ఏటి మీద భారం తగ్గుతుంది. కానీ తొట్టికి ఎగువా దిగువా ఉండవు. తొట్టిలో చేప బతికిందంటే మోటారు తిరుగుతోందని అర్థం. ఏట్లో బతికిందంటే కొండ మీద అడవి ఉందని, దారిలో నీళ్లు మిగిలాయని అర్థం.

కాబట్టి చేయాల్సింది కష్టమేమీ కాదు. తీర్థన్‌కు వర్తించిన న్యాయం ట్రౌట్ లేని నదులకూ వర్తించాలి. దొరలు తెచ్చిన చేప కోసం నదిని పారనివ్వవచ్చునంటే, ఇక్కడే పుట్టిన అసేలా కోసం పారనివ్వడానికి అభ్యంతరం ఉండకూడదు. ట్రౌట్ చేరని ఎగువ వాగుల్లో దాన్ని కొత్తగా వదలడం మానాలి. లైసెన్సు కాగితంతో పాటు వేటగాడి చేతికి ఒక లెక్క కాగితం కూడా ఇవ్వాలి. చిక్కింది ట్రౌటా, అసేలానా, ఎంత పొడవు, ఏ మలుపు, నీరెంత వేడి అన్నది రాసి తిరిగివ్వాలి. ఏటా అదే చోటికి వచ్చే నలుగురు మిత్రులు పదేళ్లు నింపిన కాగితాలు, అదే నది మీద నాలుగు నెలల్లో ముగించే పర్యావరణ నివేదిక కంటే ఎక్కువ చెబుతాయి. తప్పించుకున్న చేప బరువు మాత్రం అందులో రాయనివ్వకూడదు.