మిద్దెమీది డిష్షు



గడచిన వైశాఖమున నొకనాటి సాయంకాలము ప్రొద్దుటూరిలో పెనుగాలి వీచి, మా మిద్దెమీది డిష్షును త్రిప్పివేసినది. టీవీ తెఱపై ‘సిగ్నలు లేదు’ అను మాట తప్ప మఱేమియు కానరాదయ్యెను. డిష్షులు బిగించువానికి వర్తమాన మంపితిమి. రేపు వచ్చెద నని చెప్పి యతడు పండ్రెండు దినములు గడపెను. పదుమూడవనాడు వచ్చి, మిద్దె యెక్కి, పావుగంటలో దిగి, 300 రూపాయలు పుచ్చుకొని పోయెను. ఆ పావుగంటలో నతడు చేయు పని యెట్టిదో చూతమని మేమును వెంట నెక్కగా, “మీకెందుకమ్మా ఇయన్నీ, కిందికి పోండి” అనెను. ఆ మాట మా మనస్సున ముల్లువలె నాటుకొన్నది. ఈ మాసమున ఊరగాయల విషయము వ్రాయ నుద్దేశించియు, దానిని ప్రక్కకు బెట్టి దీనిని వ్రాయుచున్నాము.

మా యింటనున్నది దూరదర్శన్ వారి ఫ్రీ డిష్. దీనికి నెలనెలా చందా లేదు. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అను పేర మొదలై, తరువాత నీ పేరు దాల్చినది. దీని ప్రసారములను మనకు దింపునది జీశాట్-15 అను ఉపగ్రహము. మూడు టన్నులకు మించిన యా బరువును మోయు శక్తి అప్పటి మన శ్రీహరికోట రాకెట్లకు లేనందున, 2015 నవంబరులో దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానానుండి దానిని పంపిరి. అది భూమధ్యరేఖకు మీదుగా, తూర్పు రేఖాంశము 93.5 డిగ్రీలయొద్ద, సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నున్నది. భూమి తిరిగిన వేగముననే తానును తిరుగుటచే మన కన్నులకు ధ్రువునివలె కదలక నిలిచినట్లే లెక్క. అందుచేతనే డిష్షును ఒక్కసారి సరిగా నిలిపితిమా, మరల కదల్ప నక్కఱలేదు.

అది మనకు ఏ దిక్కున నున్నది? మా యింటివారు పాఠశాలలో గణితము చెప్పువారు. వారిచే సూత్రము వ్రాయించుకొని మేమే లెక్క కట్టితిమి. ఉత్తరమునుండి కుడిచేతివైపుగా కొలిచినచో ప్రొద్దుటూరికిని జమ్మలమడుగునకును 133 డిగ్రీలు దాటి, పులివెందులకు 132 డిగ్రీలు దాటి వచ్చినది. ఎత్తు మూడూళ్లకును 65 డిగ్రీలు పైచిల్లర. సరియైన ఆగ్నేయమూల 135 డిగ్రీలు గదా, అనగా మన డిష్షు చూడవలసినది ఇంచుమించు ఆగ్నేయమే. చిన్ననాట తాతగారియొద్ద అమరకోశము వల్లించునపుడు దిక్పాలకుల పేర్లు ఎందులకు పనికివచ్చునా యని విసుగుకొంటిమి! వంటిల్లు ఆగ్నేయమున నుండవలెనని పెద్దలు చెప్పుదురు. వంటింటిలో పుట్టి పెరిగిన మనకు ఆ మూల చూపుటకు వేఱొకరు కావలెనా?

మొదటి ప్రయత్నము జమ్మలమడుగున మా యక్క యింట జేసితిమి. ఆమెది రాతిబండలు పఱచిన మట్టిమిద్దె. దానికి మేకు దింపిన వానకు కాఱును. కావున ముక్కాలిపీట వంటి యినుపస్టాండు నిలిపి, దాని కాళ్లపై కడపబండ ముక్కలు బరువు పెట్టితిమి. స్టాండు కడ్డీ నిట్టనిలువుగా నున్నదో లేదో తాపీవారి తూకపుగుండుతో రెండు వైపులనుండి చూచితిమి. ఇది ముఖ్యము, కడ్డీ వాలిన తక్కిన లెక్క లన్నియు తప్పును. పిదప సెల్‌ఫోనులోని దిక్సూచితో ఆగ్నేయము చూడబోగా, సూది కడ్డీయొద్ద నొకటియు, నాలుగడుగుల దూరమున మఱొకటియు జెప్పినది. ఇనుమునకు సూది లోబడు నని తోచి, దూరముగా నిలిచి దిక్కు చూచి, ఆ దిక్కున పిట్టగోడమీద సున్నముతో గుర్తు పెట్టితిమి.

ఇంతవఱకు బాగుగనే జరిగినది. తరువాత రెండు గంటలు ఎండలో వేగితిమి. ఎత్తు 65 డిగ్రీలు గదా యని డిష్షు మొగమును ఆకాశమునకు ఎత్తిపెట్టితిమి. ఎటు త్రిప్పినను ఫలము లేదు. అప్పుడుగాని కన్ను తెఱవలేదు. ఎల్‌ఎన్‌బీ యను ముక్కు పళ్లెమునకు సరిగా నెదుట గాక, క్రిందికి దిగి యుండును. అందుచే ఆ పళ్లెము తాను చూచుచున్నట్లు కనబడుదానికంటె సుమారు 25 డిగ్రీలు పైనుండి వచ్చు కిరణములను ముక్కునకు చేర్చును. కావున మొగమును 40 డిగ్రీల మేరకు ఎత్తిన చాలును. చూచువారికి డిష్షు ఎదుటి యింటి కప్పును చూచుచున్నట్లుండును గాని నిజమునకు దాని దృష్టి నడినెత్తికి సమీపమున నున్నది. వెనుక బిగింపున డిగ్రీల గీతలు చెక్కియుండిన, ఈ తీసివేత వారే చేసియుందురు, అక్కడ 65 పెట్టిన సరిపోవును.

రెండవ పొరపాటు క్రింద టీవీయెదుట కూర్చున్న అక్కది. ఆమె “గీత లేసిందే, లేసిందే!” యని కేకలు వేయుచుండెను గాని బొమ్మ రాదు. బాక్సులోని పట్టికలో రెండు గీత లుండును. బలమును చూపునది యొకటి, గుణమును చూపునది యొకటి. బలపుగీత తీగ తగిలియున్నంతమాత్రముననే లేచును, గోడకు త్రిప్పినను లేచుచుండును. మనకు కావలసినది గుణపుగీత. పట్టికలో జీశాట్-15ను ఎన్నుకొని, ఎల్‌ఎన్‌బీ సంఖ్యలు 9750, 10600 అని యున్నవో లేదో చూచి, అటుపై గుణపుగీతనే కనిపెట్టవలెను. డిష్షును తూర్పునుండి దక్షిణమునకు కొంచెము కొంచెముగా జరిపి, జరిపినపు డెల్ల అయిదాఱు క్షణములు ఆగవలెను. బాక్సు వెదకి పట్టుకొనుటకు అంత కాలము పట్టును. ఆగక త్రిప్పువారు ఉపగ్రహమును దాటిపోయియు ఎఱుగరు.

జరుపుట యనగా ఎంత? రెండడుగుల డిష్షు అంచు అర సెంటీమీటరు కదలిన ఒక డిగ్రీ మాఱును. ఒక డిగ్రీ యనగా అచ్చట, ఆ యెత్తున, 600 కిలోమీటర్లకు పైమాట. పైగా 95 డిగ్రీలయొద్ద మఱియొక ఉపగ్రహ మున్నది. గుణము వచ్చియు మన చానళ్లు రాకున్న, ప్రక్కదానిని పట్టుకొంటిమని తెలిసికొని వెనుకకు జరుపవలెను. గుణము కొంత కనబడిన పిదప పైకి క్రిందికి, ఇటు నటు, వెండ్రుకవాసి జరిపి, చివర ముక్కునే తన గూటిలో మెల్లగా త్రిప్పి చూడవలెను. గీత యెక్కువ యెక్కడ లేచునో అక్కడ నిలుపవలెను. మరలు బిగించునపు డొక్కదానినే పూర్తిగా బిగింపక, మార్చి మార్చి బిగింపుడు. లేకున్న బిగింపులోనే డిష్షు జాఱిపోవును. మాకు రెండుసారులు జాఱినది.

ఇక పులివెందుల మాట. అచ్చట మా మేనత్త యొంటరిగా నున్నది. కొడుకులు బెంగుళూరున నున్నారు. ఆమె టీవీ శ్రావణమునుండి పలుకలేదు. చూచిపోయినవాడు, ప్రక్కయింటి వేపచెట్టు అడ్డముగా నున్నదనియు, దానిని కొట్టింపవలె ననియు, లేనిచో క్రొత్త డిష్షు వేఱొకచోట పెట్టుటకు 2,000 రూపాయ లగు ననియు జెప్పెనట. అత్త కొమ్మలు కొట్టింపు డని అడిగినది. ప్రక్కయింటివారు, చెట్టు మా మామగారు నాటినది, కొట్టము పొమ్మనిరి. ముప్పది యేండ్లుగా గిన్నెలు మార్చుకొన్న రెండిండ్ల నడుమ మాటలు నిలిచిపోయినవి. “టీవీ పోతే పోనీలే, ఆయమ్మ గొంతు గూడ ఇనపడకపాయె” అని అత్త ఫోనులో నన్నప్పుడు మాకు నిద్ర పట్టలేదు.

దసరా సెలవులలో, ప్రొద్దుటూరి అమ్మవారిశాల వేడుకలను విడిచి, సెప్టెంబరు 29న పులివెందుల చేరితిమి. ఆ తేదీ నెన్నుకొనుటకు కారణము కలదు. ఏటేట మార్చి నడుమను, సెప్టెంబరు చివరను కొన్ని దినములు, మన సీమనుండి చూచిన సూర్యుడు సరిగా ఆ యుపగ్రహము వెనుకగా పోవును. మార్చిలో పగలు పదునొకండుంబావు గంటల ప్రాంతమున, సెప్టెంబరులో పదునొకండు గంటల ప్రాంతమున. అప్పుడు కొన్ని నిమిషములు బొమ్మ చెదరును, దానికి డిష్షును నిందింపరాదు. కాని ఆ నిమిషములందే చెట్టు అడ్డమో కాదో సూర్యుడే సాక్ష్యము చెప్పును. సూర్యునినుండి వచ్చు వెలుగును, ఉపగ్రహమునుండి వచ్చు కిరణమును అప్పు డొకే దారి గదా!

ఆ మిద్దెకు పిట్టగోడ లేదు. డెబ్బది యేండ్ల యత్తను ఎక్కనీయలేదు. అంచుకు వీపు పెట్టక, కరెంటుతీగ లెచ్చట నున్నవో ముందుగా చూచుకొని యెక్కితిమి. తడిమిద్దెపైగాని, గాలి వీచుచుండగాగాని ఈ పనికి పూనుకొనకుడు. పదునొకండు గంటలకు ప్రక్కయింటామెను కూడ పిలిపించితిమి. ఆమె బిగిసిన మొగముతోనే వచ్చినది. వేపనీడ డిష్షునకు మూడడుగుల యివతలనే ఆగిపోయినది. పళ్లెమంతయు ఎండతో వెలుగుచున్నది. లెక్క ప్రకారమును అంతే. 65 డిగ్రీల యెత్తు చూచు డిష్షునకు, తనకంటె పదియడుగులు పొడుగైన గోడ యున్నను ఆఱడుగుల దూరమున నుండిన అడ్డు కాదు. “మా చెట్టు తప్పేం లేదు గదక్కా” అని ప్రక్కయింటామె యనినది. అత్త నోట మాట రాలేదు.

మఱి తప్పెక్కడ? ముక్కునకు తగిలించు తీగ కొనను విప్పి చూడగా నడుమ రాగితీగ చిలుము పట్టి పచ్చబడి యున్నది. వాననీరు దిగినది. బాక్సు ఆర్పించి, రెండంగుళములు కోసి, క్రొత్త కనెక్టరు తొడిగితిమి. పై జల్లెడతీగ వెండ్రుక యొక్కటియు నడిమి రాగిని తాకకుండ జూచి, చుట్టును టేపు చుట్టి, నీరు జాఱిపోవుటకు తీగను క్రిందికి వంకీవలె వ్రేలాడనిచ్చితిమి. కనెక్టరునకు ఇరువది రూపాయలు. తరువాత డిష్షును సరిచేయుట ముప్పావుగంట పని. క్రింద గుణపుగీత చూచి కేక వేసినది ప్రక్కయింటామెయే.

దిగబోవు ముందు అత్త తలుపులకు వేసిన యెఱ్ఱరంగు డబ్బా తెప్పించి, కడ్డీమీదను డిష్షు బిగింపుమీదను కలిసివచ్చునట్లు ఒకే గీత గీచితిమి. గీత విఱిగిన గాలికి తిరిగినదని యర్థము, మరల గీతలు కలిపిన చాలును. కార్తికమున గాలివాన తగ్గిన మఱునాడు అత్త ఫోను చేసినది. ప్రక్కయింటి కోడలిని మిద్దె యెక్కించి చూపించినదట, గీత రెండు వ్రేళ్లు విఱిగి యున్నదట, ఆ పిల్ల కలిపి దిగినదట. ఆ పిల్లకు పంపుటకు స్పానరు ఏ కొలతది కొనవలె నని అడిగినది.