బ్యాగు మోసే పిల్లవాడికి ఒక మాట

ఈ నెల గోల్ఫ్ ఆట గురించి రాస్తానంటే మా ఇంటామె నవ్వింది. "మిల్లోళ్ళకి అదెందుకు?" అనింది. కారణం ఉంది, వినండి.

నేనిప్పుడు బెళ్ళందూరులో కొడుకు దగ్గర ఉన్నాను. మా వీధి చివరింటి చెల్లెలు మొన్న వచ్చింది. "అన్నా, మావాడు పదో తరగతి పాసైనాడు. వాళ్ళ నాయన కాలు విరిగి ఇంట్లో ఉండాడు కదా, ఇంక చదవను, గోల్ఫ్ గ్రౌండులో బ్యాగులు మోస్తానంటాడు. మునియప్ప అట్లనే పెద్దోడైనాడంట. నిజమేనా?" అని అడిగింది.

నిజమే. సి. మునియప్ప మనకు దగ్గరే ఉన్న చల్లఘట్ట కేజీఏ గ్రౌండులో బ్యాగులు మోసినవాడే. ఆ గ్రౌండున్న చోట ఒకప్పుడు చెరువుండేది. ఆ లోయ నీళ్ళు కిందికి మన బెళ్ళందూరు చెరువుకే వస్తాయి. ఆయన 2009లో గుర్గావ్‌లో ఇండియన్ ఓపెన్ ఆడి, కొరియా ఆటగాడు లీ సంగ్‌తో సమానంగా నిలిచి, అదనపు ఆటలో గెలిచినాడు.

ఈ ఆటలో లెక్క మన మిల్లుకు తిరగబడి ఉంటుంది. మనకు మీటర్లు ఎక్కువైతే కూలి ఎక్కువ. వీళ్ళకు దెబ్బలు ఎంత తక్కువైతే అంత గొప్ప. 18 గుంతల్లో బంతి వెయ్యాలి. 2016లో అమెరికాలో జిమ్ ఫ్యూరిక్, 70 దెబ్బలని లెక్కకట్టిన గ్రౌండును 58తో ముగించినాడు. వాళ్ళ పెద్ద టూరులో అది రికార్డు. దాని కింది టూరులో 2024లో చిలీవాడు క్రిస్టోబాల్ దెల్ సోలార్ బొగోటాలో 57 కొట్టినాడు.

ఫ్యూరిక్ దెబ్బలు లోకమంతా లెక్కపెట్టింది. ఆ రోజు బ్యాగు మోసిన మైక్ కోవన్ అడుగులు ఎవరు లెక్కపెట్టినారు? బ్యాగులో 14 కర్రల దాకా ఉంటాయి. ఒక ఆటకు ఆరేడు కిలోమీటర్ల నడక. బంతి ఎంత దూరం పోవాలి, నేల ఎటు వాలింది, గాలి ఎటుంది అని చెప్పేది కూడా ఆ మోసేవాడే. చెయ్యి ఒకరిది, కన్ను ఇద్దరిది. మగ్గం దగ్గర జాబర్ చూపు లాంటిదే అది. కాబట్టి ఆ పని తక్కువదని నేననను.

స్కాట్లాండులో సెయింట్ ఆండ్రూస్ అని ఊరుంది. ఈ ఆటకు పుట్టిల్లంటారు. డబ్బున్నోళ్ళు ఎక్కడెక్కడినుంచో సెలవులకు అక్కడికి పోతారు. కానీ అక్కడి పాత గ్రౌండులో మామూలుగా ఆదివారం ఆట ఉండదు. ఊరి జనం కుక్కల్ని, పిల్లల్ని తీసుకొని ఆ గడ్డి మీద నడుస్తారు. అది చదివి నాకు మనసు నిండింది. మనకు గోడ బయటినుంచే చూపు.

ఆ చెల్లెలికి నేను చెప్పింది ఇది. మునియప్ప ఒక్కడు గెలిచినాడు. ఆయనతో బ్యాగులు మోసినవాళ్ళందరూ గెలవలేదు. నేను నాలుగో తరగతితో మిల్లులో చేరినా. మిల్లు మూతపడిన రోజు నా చేతిలో పని ఉంది, కాగితం లేదు. ఏ గేటు దగ్గరికి పోయినా, "ఎంతవరకు చదివినావు?" అనే అడిగినారు. ఆ మాటకు తల వంచుకొని తిరిగొచ్చిన దినాలు నాకింకా గుర్తున్నాయి.

పిల్లవాణ్ణి కూర్చోబెట్టి అడిగినా, "నీకు ఆట మీద ఆశా, ఇంట్లో కష్టం చూసి పోతావా?" అని. వాడు చాలాసేపు పలకలేదు. తర్వాత, "రెండూ, పెదనాయనా" అన్నాడు. అబద్ధం చెప్పలేదు, సంతోషం.

సర్కారు కాలేజీ ఫారం తెచ్చి వాడి చేతికిచ్చినా. ఆదివారం బ్యాగు మొయ్యి, సోమవారం పుస్తకం మొయ్యి అన్నా. నాయన కాలు కుదిరేదాకా బియ్యం మా వీధివాళ్ళం తలా కొంచెం ఇస్తున్నాం. ఫారం నింపినాడు. సంతకం చేసేటప్పుడు వాళ్ళమ్మ ఏడ్చింది.

మీ వీధిలో ఇట్లాంటి పిల్లలుంటే, వాళ్ళు బ్యాగు ఎత్తేముందే ఒకసారి పలకరించండి.