సహకారమా? సహకర్తృత్వమా?

'కొలాబరేషన్' అనే ఆంగ్లపదానికి మన పరిశోధన వ్యాసాలలో 'సహకారం' అనే మాటను సమానార్థకంగా వాడడం పరిపాటి అయింది. ఈ వాడుక సమంజసం కాదని నా అభిప్రాయం. లాటిన్ మూలాన్ని బట్టి ఆ ఆంగ్లపదానికి కలిసి శ్రమించడమని అర్థం. శ్రమించినవారిలో ప్రధానుడెవరో, అప్రధానుడెవరో ఆ పదం చెప్పదు. 'సహకారం' అట్లా కాదు. నైయాయికుల పరిభాషలో అంకురానికి బీజం కారణం. నేల, నీరు సహకారులు. అవి లేనిదే అంకురం పుట్టదు. అయినా అంకురం బీజానిదిగానే వ్యవహృతమవుతుంది. (కావ్యాలలో సహకారమంటే పరిమళించే తియ్యమామిడి, ఆ ప్రసంగం ఇక్కడ అనవసరం.) 1904 నాటి చట్టంతో మొదలైన పరపతి సంఘాల వ్యవహారంలో ఈ మాట 'కోఆపరేషన్'కు రూఢమైపోయింది కూడా.

ఇది కేవలం పదచర్చ కాదు. తాళపత్రాలు చదివి, పాఠభేదాలు గుర్తించి, శిథిలభాగాలను సవరించిన పండితుని పేరు పీఠిక చివర 'సహకరించినవారు' అనే వరుసలో, అచ్చుకు కాగితం సమకూర్చినవారి పక్కన చేరుతున్నది. ముఖపత్రం మీద పరిష్కర్త పేరు ఒక్కటే. రెండు విధాల తోడ్పాటుకూ మాట ఒకటే కావడంతో ఇందులోని అన్యాయం చదువరి కంటబడదు.

మన పూర్వులు ఇంతకంటె జాగరూకులు. భారతయుద్ధంలో అర్జునునికి నారాయణుని వలె తనకు నారాయణభట్టు తోడైనాడని నన్నయ అవతారికలోనే చెప్పుకున్నాడు. ఆ ఉపమానంలో తోడైనవాడే అధికుడు! నంది మల్లయ, ఘంట సింగనలు ఇద్దరి పేర్లతోనే ప్రబోధచంద్రోదయాన్ని వెలయించారు. 1920లో తిరుపతిశాస్త్రి మరణించిన తరువాత కూడా చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తన రచనలకు జంటపేరునే నిలిపాడు. వీరిలో ఎవరినైనా 'సహకరించినవాడు' అనగలమా?

ఆంగ్లపదాన్నే యథాతథంగా గ్రహిద్దామనేవారు ఉన్నారు. 1940 తరువాత ఫ్రాన్సులో ఆ పదానికి శత్రువుతో చేతులు కలపడమనే నిందార్థం అంటుకున్నదని వారు గమనించాలి. ఫలితానికి బాధ్యత పంచుకున్నచోట 'సహకర్తృత్వం' అనీ, ఉపకరించినచోట మాత్రమే 'సహకారం' అనీ వాడడం యుక్తం. మొదటిది కర్ణకఠోరమనిపిస్తే 'ఉమ్మడి కృషి' ఉండనే ఉన్నది. ఉమ్మడి ఆస్తిలో ప్రతివానికీ వాటా ఉంటుందని మన పల్లెల్లో ఎవరికీ చెప్పనక్కరలేదు.